ఎండాకాలం రాత్రుళ్ళు పిల్లలతో ఆరుబయట నాటకం: చెన్నై చుట్టుపక్కల ఎక్కడికి వెళ్ళొచ్చు, తినడానికి ఏం పట్టుకెళ్ళాలి?

అంబత్తూరు అమ్మ

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి దగ్గర, పెళ్ళయ్యాక అంబత్తూరులో ఉంటున్నాం. బాబుకి ఆరేళ్ళు, పాపకి మూడు నిండాయి. బడికి సెలవులిచ్చేశారు. పగలంతా తలుపులేసుకుని ఫ్యాను కింద పడి ఉండటం, చీకటి పడితే టీవీ, లేదంటే ఫోను, ఇదే వరస. మా చిన్నప్పుడు వేసవి సెలవులంటే అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో గుడి ముందు చాప పరుచుకుని హరికథో, బుర్రకథో, పద్యనాటకమో చూసేవాళ్ళం, సగంలో నిద్రపోతే ఎవరో ఒకరు ఎత్తుకుని ఇంటికి తెచ్చేవారు. మా పిల్లలకి కూడా అలా బయట, గాలిలో, మనుషులు వేషం కట్టి ఆడేది చూపించాలని గట్టిగా ఉంది. ఏసీ హాలంటే నాకు టెన్షన్. మా పాప నోరు మూతపడదు, పక్కవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు, మనం బిక్కచచ్చిపోవాలి. ఆరుబయట అయితే ఆ గొడవ ఉండదు కదా.

తెలుగులో అయితే మరీ సంతోషం, తమిళం అయినా పర్లేదు, బాబుకి బళ్ళో అలవాటైంది. ఇంకోటి, ఈ ఎండల్లో బయట తిండి పెట్టాలంటే భయం. ఇంట్లో చేసి తీసుకెళ్ళేవి, రాత్రి దాకా పాడవనివి ఏమైనా చెప్పండి.

బీసెంట్ నగర్ బాబాయ్

అమ్మాయ్, మొదటిసారి కాబట్టి పెద్ద పెద్దవాటి జోలికి పోకుండా ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్రతో మొదలుపెట్టు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద మహాబలిపురం వెళ్ళే దారిలో, సముద్రం గాలి తగిలేంత దగ్గర. 1996లో తెరిచారు. దక్షిణాది నాలుగు రాష్ట్రాల పాత ఇళ్ళని ఊళ్ళలో విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టారు, విశాఖ వైపు చుట్టిల్లు కూడా ఉంది, లోపలికెళ్ళి కూర్చోవచ్చు. ఆరుబయట రంగస్థలం ఉంది, జానపద కళాకారులు వస్తుంటారు, తోలుబొమ్మలాట కూడా ఉంటుంది. మంగళవారం సెలవు, అది మర్చిపోకు.

మీ అంబత్తూరు కన్నా ఈ పక్క సాయంత్రాలు చాలా నయం. సముద్రపు గాలి మధ్యాహ్నానికే తీరానికి తగులుతుంది, అంబత్తూరు, ఆవడి దాకా వచ్చేసరికి పొద్దువాలుతుంది. మే 4 నుంచి నెలాఖరు దాకా ఎండలు మండిపోయే రోజులు, ఇక్కడివాళ్ళు కత్తిరి అంటారు, ఆ రోజుల్లో మూడేళ్ళ పిల్లని పట్టుకుని ఎక్కడికెళ్ళినా నాలుగున్నర ముందు బయట కాలు పెట్టకు.

పుత్తూరోడు

అక్కా, బాబాయ్ చెప్పింది మంచిదే గానీ నువ్వు అడిగింది చాప, గుడి, రాత్రి. దానికి నువ్వు సెంట్రల్‌లో తిరుపతి బండెక్కాల. అరక్కోణం, తిరుత్తణి దాటితే నగరి, పుత్తూరు. ఎండాకాలం వచ్చిందంటే మా చిత్తూరు వైపు ఊరూరా ధర్మరాజుల గుడికాడ మహాభారతం పెడతారు. చానా ఊళ్ళల్లో పద్దెనిమిది దినాలు. మధ్యాన్నం పందిట్లో హరికథ, రాత్రికి నాటకం. పగలు హరిదాసు ఏ కథ చెప్తాడో రాత్రి వేషగాళ్ళు అదే ఆడతారు కాబట్టి పిల్లోళ్ళకి కథ ముందే తెలిసిపోయి ఉంటుంది. అంతా తెలుగే. టికెట్టు లేదు, గేటు లేదు, ఎవురైనా వచ్చి కూసోవచ్చు.

పిల్లోళ్ళని తీసుకురావాలంటే నా మాట విని బకాసుర వధ దినం రా. ఎందుకంటే అది పగలే జరుగుతుంది. ఎడ్లబండి మీద, ఇప్పుడైతే ట్రాక్టర్ మీద, అన్నం కుంభం పోసి, వడలు, పండ్లు, కూరలు అన్నీ పెట్టి భీముడి వేషగాడు పైన కూసుంటాడు. మొహానికి రంగు, చేతిలో గద. ఊరంతా తిరుగుతాడు. ఒక ముద్ద తాను తింటాడు, ఒక ముద్ద జనానికి ఇస్తాడు, వడలు ఇసురుతాడు. పిల్లోళ్ళు బండెనక పరిగెత్తడం చూడాల. మా అన్న కూతురు నాలుగేళ్ళది, భీముడు దాని చేతిలో అరటిపండు పెడితే ఇంటికొచ్చినాక కూడా తినకుండా పట్టుకునే తిరిగింది, రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఎడమ చేతిలో అదే. నాటకంలో తిండి, తిండిలో నాటకం, నువ్వు రెండూ కలిపే అడిగినావు కదా.

ఇంకా అర్జున తపస్సు ఉంటుంది. తాటిమాను అంత ఎత్తు మాను నాటి అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటా మెట్టు మెట్టు ఎక్కుతాడు. పైనించి విభూతి, నిమ్మకాయలు, పండ్లు ఇసురుతాడు, బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో కింద కొంగు పట్టుకుని ఉంటారు. ఆర్నెల్ల పిల్లోడికి గూడా మెడ పైకెత్తి చూడబుద్ధవుతుంది అది.

కడాపటి దినం దుర్యోధన వధ. మైదానంలో మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మ పండబెట్టి ఉంటారు, దాని చుట్టూ కొట్లాట, తొడ పగలగొట్టడం, పాంచాలి జుట్టు ముడేసుకోవడం, సాయంత్రం నిప్పుల గుండం. దానికి మాత్రం మీ పాపని తేవద్దు. బాబు అయితే ఓకే.

కొళత్తూరు కోడలు

పుత్తూరు అన్నా, మీరు చెప్పేది వింటుంటే కళ్ళ ముందు కనిపిస్తోంది గానీ, మూడేళ్ళ పిల్లని జాతర జనంలోకి తీసుకెళ్ళమనడం నాకు నచ్చలేదు. నేను మా అత్తగారి ఊళ్ళో, తిరువణ్ణామలై వైపు, రాత్రంతా జరిగే కూత్తుకి (తమిళ వీధినాటకం) మా వాణ్ణి తీసుకెళ్ళాను, అప్పుడు వాడికి మూడేళ్ళే. స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకర్ కిందే మాకు చోటు దొరికింది. వాడు మొదటి అరగంటలోనే చెవులు మూసుకుని ఏడుపు. ఆ తర్వాత ఏ పండగలో మైక్ చప్పుడు వినపడినా నా వెనక దాక్కునేవాడు, చాలా రోజులు. నిద్ర టైం తప్పితే పిల్లలు మర్నాడు మనిషిలా ఉండరు. పిల్లల కోసం అంటూ మన చిన్నప్పటి సరదా వాళ్ళ మీద రుద్దకూడదని నా ఉద్దేశం. ఎనిమిదేళ్ళు వచ్చాక చూపిస్తే వాళ్ళకీ గుర్తుంటుంది.

పుత్తూరోడు

కోడలమ్మా, స్పీకర్ కింద కూసుంటే నాకూ ఏడుపొస్తుంది. దూరం కూసోవాల, అంతే. మేం పిల్లోళ్ళున్నోళ్ళు ఎప్పుడూ వెనకపక్క, గుడి గోడ వారగా చాపేస్తాం. ఎనిమిదేళ్ళ దాకా ఆగితే అప్పటికి ఫోను చేతికొచ్చేసి ఉంటుంది, నాటకం ఎవురు చూస్తారు?

తెరవెనుక

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, ఒకరిది చోటు గురించి, ఒకరిది వయసు గురించి. నేను ఇక్కడ పిల్లల నాటకాలతో పనిచేస్తుంటాను, నాకు తోచింది వివరంగా రాస్తాను.

చిన్నపిల్లలు నాటకాన్ని మనలా మొదటినుంచి చివరిదాకా చూడరు. ఒక పావుగంట కన్నార్పకుండా చూస్తారు, ఒక పావుగంట మట్టిలో ఆడుకుంటారు, మళ్ళీ డోలు మోగగానే తల తిప్పుతారు. హాల్లో ఈ నడిమి పావుగంటే మనకి నరకం. ఆరుబయట దానికి చోటుంది, లేచి నడవొచ్చు, చెట్టు కిందికి పోవచ్చు, ఒళ్ళో పడుకోవచ్చు. అందుకే పిల్లలకి మొట్టమొదటి నాటకం ఆరుబయటే చూపించాలని నేను అందరికీ చెప్తాను. మొత్తం చూడాలన్న పట్టుదల మాత్రం ఇంట్లో వదిలి రావాలి. రాత్రి పది దాటాక మొదలై తెల్లారేదాకా సాగే ఆటలో మీ పిల్లలు గంటన్నర చూస్తే చాలు, అది పూర్తి నాటకం కిందే లెక్క.

భయం సంగతి. కొళత్తూరు గారి బాబు చప్పుడుకి భయపడ్డాడు, కొందరు వేషానికి భయపడతారు. దానికి నా దగ్గరున్న ఒకే ఒక్క మందు, ఆట మొదలవక ముందు పిల్లల్ని వేషాలు వేసుకునే చోటికి తీసుకెళ్ళడం. పల్లెటూళ్ళలో దాన్ని ఎవరూ దాచరు. అడిగితే రమ్మంటారు. కంచి వైపు కూత్తు ట్రూపులో ఒకాయన్ని చూశాను. లుంగీ కట్టుకుని నేలమీద కూర్చుని, ఎడమ అరచేతిలో చిన్న అద్దం, కుడిచేత్తో ముఖానికి రంగు. పక్కన పెట్టెలో చెక్క నగలు, కిరీటం, భుజాలకి కట్టేవి, ఛాతీకి కట్టేది, అన్నిటికీ చిన్నచిన్న అద్దం బిళ్ళలు అతికించి ఉంటాయి. ఒక్కోటి తాడుతో బిగించి కడుతుంటే ఆయన ఊపిరి బిగపట్టి నిలబడతాడు. నాతో వచ్చిన పాప ఆయన టీ తాగడం చూసింది, గోక్కోవడం చూసింది, కిరీటం పెట్టుకోవడం చూసింది. తర్వాత తెర మీదుగా అదే మనిషి గర్జిస్తూ తొంగి చూస్తే భయపడలేదు, ఆ తాత వచ్చాడని అందరికీ చెప్పింది.

తెర అంటే అక్కడ సినిమా తెర కాదు, ఇద్దరు మనుషులు రెండు చివరలూ పట్టుకుని నిలబడే గుడ్డ. పెద్ద వేషం దాని వెనకనుంచి పాడుతూ కొంచెం కొంచెంగా కనిపిస్తుంది. పిల్లలకి ఆ ఊరింపు చాలా ఇష్టం. కట్టియక్కారన్ అని విదూషకుడు ఉంటాడు, వాడొస్తే భాష రాని పిల్లలు కూడా నవ్వుతారు. పాట, ముఖవీణ (చిన్న సన్నాయి లాంటిది), మద్దెల, హార్మోనియం అన్నీ వెనక బల్ల మీదే ఉంటాయి.

కంచి దగ్గర పుంజరసంతాంగల్ అనే ఊళ్ళో కట్టైక్కూత్తు సంగం ఉంది. 1990లో మొదలైంది, పి. రాజగోపాల్ గారు స్థాపకుల్లో ఒకరు. పిల్లలకి చదువుతో పాటు కూత్తు నేర్పే గురుకులం అక్కడ 2002 నుంచి 2020 దాకా నడిచింది, ఆడపిల్లలు కూడా నేర్చుకుని వేషాలు కట్టారు. చెన్నై నుంచి కంచి డెబ్బై అయిదు కిలోమీటర్లు. మీకు పుత్తూరు దూరమనిపిస్తే ఆ పక్క ఊళ్ళల్లో ద్రౌపది అమ్మన్ గుళ్ళ దగ్గర ఎండాకాలం భారతం కూత్తు చూడొచ్చు, పుత్తూరు తమ్ముడు చెప్పిన పద్ధతికి చుట్టమే అది.

నెల్లూరి వంటిల్లు

తిండి సంగతి నేను చూసుకుంటాను. మా ఇంట్లో బయటికెళ్తే డబ్బాలు కట్టే పని ఎప్పుడూ నాదే.

ముందు వద్దనేవి. కొబ్బరి పచ్చడి వద్దు, కొబ్బరి తురుము వేసినది ఏదీ వద్దు, ఈ ఎండకి రెండు గంటల్లో వాసనొస్తుంది. పాలకోవా, బర్ఫీ వద్దు. బంగాళాదుంప కూర పెట్టిన చపాతీ చుట్టలు వద్దు. చాక్లెట్ సంగతి చెప్పక్కర్లేదు.

పులిహోర చేయండి. చింతపండు పులిహోరే, నిమ్మకాయది కాదు. అన్నం పలుకుగా వండి, వెడల్పు పళ్ళెంలో పోసి, నువ్వులనూనె, పసుపు వేసి ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. వేడి అన్నం మీద గుజ్జు కలిపి వెంటనే డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరి కిందికి దిగి జిగురు జిగురుగా అయిపోతుంది, త్వరగా పాడయ్యేది అందుకే. గుజ్జు నూనె పైకి తేలేదాకా ఉడికించండి. పిల్లలకి మిరపకాయ తగ్గించి, వేరుశనగ పప్పు బదులు శనగపప్పు, మినప్పప్పు ఎక్కువ వేయండి.

దద్దోజనానికి ఒక కిటుకు ఉంది. అన్నం మెత్తగా వండి, గోరువెచ్చటి పాలు పోసి చిక్కగా కలపండి, గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల పైనే పాలు పడతాయి. అందులో ఒక చెంచా పెరుగు మాత్రమే వేసి, ఉప్పు, అల్లం, తాలింపు. సాయంత్రం నాలుగింటికి కలిపి బయల్దేరితే రాత్రి ఎనిమిదికి అక్కడే తోడుకుని కమ్మగా ఉంటుంది. పెరుగు ముందే పోసి కలిపితే ఈ వేడికి పులిసి పిల్లలు ముఖం తిప్పేస్తారు.

నమలడానికి మరమరాలు. బాణలిలో చెంచా నూనె, కరివేపాకు, పసుపు, పుట్నాలపప్పు, కొంచెం కారం, మరమరాలు వేసి కరకరలాడేదాకా వేయించడమే. పది నిమిషాల పని, నాలుగు రోజులుంటుంది. జంతికలు, చేగోడీలు ముందురోజే చేసుకోవచ్చు. సున్నుండలు చేస్తే నెయ్యి తగ్గించి గట్టిగా చుట్టండి, లేకపోతే డబ్బా తెరిచేసరికి పిండి అయి ఉంటుంది. మామిడి తాండ్ర ముక్కలు కోసి పెట్టుకుంటే పిల్లలు చాలాసేపు చీకుతూ కూర్చుంటారు, అరవరు. తాటి ముంజలు దొరికితే సాయంత్రం బయల్దేరేముందే తినిపించేయండి, కోసినవి మోసుకెళ్ళేవి కావు.

తాగడానికి పల్చటి మజ్జిగ, అల్లం, ఉప్పు, కరివేపాకు దంచి. లేదా పానకం: బెల్లం, మిరియాలు, శొంఠి, ఏలకులు. శ్రీరామనవమికే చేయాలని రూలేం లేదు, ఎండకి ఇంతకంటే మంచిది లేదు.

ఒక ముఖ్యమైన మాట. ఎవరి డబ్బా వాళ్ళకి ఇవ్వండి. చిన్న స్టీలు డబ్బా, పిల్లలు తామే తెరుచుకునేది. అది ఒళ్ళో పెట్టుకుంటే వాళ్ళకి కూర్చోవడానికి ఒక కారణం ఉంటుంది.

రాత్రి డ్యూటీ

నర్సుగా చేస్తున్నాను, పిల్లల వార్డులో. నెల్లూరి అక్క చెప్పినవన్నీ బాగున్నాయి, కొన్ని కలుపుతాను.

పాపకి మూడేళ్ళు కదా, గుండ్రంగా గట్టిగా ఉండే వేరుశనగ గింజలు, వేయించిన శనగలు, పుట్నాలు విడిగా ఇవ్వకండి. చీకట్లో, నవ్వుతూ, పరిగెడుతూ తింటే గొంతుకి అడ్డం పడతాయి. నాలుగైదేళ్ళ లోపు పిల్లలకి ఇది నిజంగా ప్రమాదం. మరమరాల్లో పుట్నాలు పాప డబ్బాలో లేకుండా చూడండి. ద్రాక్ష అయితే నిలువుగా కోసి పెట్టండి. ఏదైనా సరే కూర్చోబెట్టే తినిపించండి.

అన్నం గురించి ఒక్కటి. వండిన అన్నం గది వేడిలో గంటలు గంటలు ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, దాని విషం మళ్ళీ వేడిచేసినా పోదు. చింతపండు పులుపు ఉన్న పులిహోర కొంత నయం. దద్దోజనం మాత్రం రాత్రి తొమ్మిది లోపు అయిపోవాలి, మిగిలింది తెల్లారి పెట్టడం వద్దు. ఐస్ ప్యాక్‌తో చల్లగా ఉంచే సంచి ఉంటే అందులో పెట్టండి.

ఎండకి పిల్లలు డల్ అయిపోతే, పెదాలు ఎండితే, ఆరేడు గంటలుగా మూత్రం పోకపోతే నాటకం వదిలి లేవాలి. సంచిలో ఓఆర్ఎస్ పొట్లం పెట్టుకోండి. అది లేకపోతే లీటరు మంచినీళ్ళలో సమంగా గీసిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువ కాకూడదు.

దోమలు. పొడుగు చేతుల నూలు బట్టలు, సాక్సు. రాసుకునే మందుల్లో డీట్ ఉన్నది రెండు నెలలు దాటిన పిల్లలకి వాడొచ్చు, అరచేతులకి, కళ్ళ దగ్గర వద్దు. నిమ్మ యూకలిప్టస్ నూనె ఉన్నవి మూడేళ్ళ లోపు పిల్లలకి వద్దు.

చప్పుడు విషయంలో కొళత్తూరు అక్క అన్నది ముమ్మాటికీ నిజం. మనం గొంతు పెంచి మాట్లాడితే తప్ప పక్కనున్న మనిషికి వినపడట్లేదంటే అక్కడ పిల్లని కూర్చోబెట్టకూడదు. చెవులకి పెట్టే మఫ్‌లు దొరుకుతాయి, చిన్న సైజు కొనండి.

కొళత్తూరు కోడలు

థాంక్స్ చెల్లీ. మఫ్‌ల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు వాడికి ఆరేళ్ళు, దక్షిణచిత్రలో బొమ్మలాట చూపించి చూస్తాను ముందు. రాత్రంతా అనేది మాత్రం నేను ఒప్పుకోను.

తిరువాన్మియూర్ తాతయ్య

ఇంతమంది ఇంత రాశారు, మేలట్టూరు పేరు ఒక్కరూ ఎత్తలేదు. తంజావూరు నుంచి పద్దెనిమిది కిలోమీటర్ల దూరం. వైశాఖ మాసంలో నరసింహ జయంతికి అక్కడ వరదరాజ పెరుమాళ్ గుడి ఎదుట వీధిలో పందిరి వేసి భాగవతమేళ నాటకాలు ఆడతారు. ఆ నాటకాలు తెలుగువి. నటుల ఇంట్లో మాట్లాడుకునేది తమిళం, వీధిలో ఆడేది తెలుగు. తరతరాలుగా ఇలాగే. తంజావూరు ఏలిన అచ్యుతప్ప నాయకుడి కాలంలో తెలుగు కుటుంబాలకి ఇచ్చిన ఊరు అది. నాటకాలు రాసిన వెంకటరామశాస్త్రి గారు త్యాగరాజస్వామి నాటివారు. ప్రహ్లాద చరిత్రం, హరిశ్చంద్ర, మార్కండేయ, ఉషా పరిణయం. వేషాలన్నీ మగవాళ్ళే కడతారు, ప్రహ్లాదుడి అమ్మ లీలావతి వేషం కట్టిన మగవాడు ఏడుస్తుంటే చూసేవాళ్ళకి కన్నీళ్ళు ఆగవు.

అమ్మాయీ, పిల్లల సంగతి అడిగావు కాబట్టి చెప్తున్నా. ఆట మొదట్లో కోణంగి వస్తాడు, గంతులేసి నవ్విస్తాడు. ఆ తర్వాత వినాయకుడు వస్తాడు. ఏనుగు ముఖం పెట్టుకుని ఆ ఊరి పిల్లవాడే, మీ బాబు వయసువాడే, బుడిబుడి అడుగులు వేసుకుంటూ వచ్చి ఆడతాడు. మా మనవడు దాన్ని చూసి నాకూ ఆ వేషం కావాలని మారాం చేశాడు, ఇంటికొచ్చి అట్టపెట్టెతో తొండం చేయించుకున్నాడు. పిల్లవాడికి తన వయసువాడు వేదిక మీద కనిపించడం కంటే గొప్ప సంగతి లేదు.

నరసింహుడి ముఖోటాకి గుళ్ళో పూజ జరుగుతుంది. దాన్ని ధరించే మనిషి ఆ రోజు ఉపవాసం ఉంటాడు. స్తంభం నుంచి స్వామి వచ్చేది ఎప్పుడో అపరాత్రి దాటాక. చిన్నపిల్లలు అప్పటికి ఎలాగూ నిద్రపోతారు, లేపవద్దు. నరసింహ జయంతి శుద్ధ చతుర్దశి, మర్నాడు పున్నమి, అందువల్ల వెన్నెల బాగా ఉంటుంది, చాప మీద నుంచి పిల్ల ఎటు నడిచినా కనిపిస్తుంది. చెన్నైలో రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే తంజావూరు. పగలంతా గదిలో పిల్లల్ని బాగా నిద్రపుచ్చి రాత్రికి వెళ్ళండి.

తెలుగువాళ్ళం చెన్నైలో ఇంతమందిమి ఉన్నాం, మన భాషలో ఇన్ని వందల ఏళ్ళుగా ఆడుతున్న ఆ నాటకానికి వచ్చే తెలుగు పిల్లలు చాలా తక్కువ. నాకు ఇది బాధ. అందుకే ఇంత రాశాను.

తెరవెనుక

తాతయ్యగారూ, మీరు రాసింది చదివి మనసు నిండింది. ఒక్క విన్నపం అందరికీ. మేలట్టూరులో అయినా, కూత్తులో అయినా వేదికకి దగ్గరగా కూర్చుంటే కవర్లు చింపే చప్పుడు, మరమరాల డబ్బా గలగల ఆపాలి. పద్యం ఎత్తుకున్నప్పుడు పాడేవాడికి అన్నీ వినపడతాయి. తిండి వేషం మారేటప్పుడు, లేదా విదూషకుడు వచ్చినప్పుడు.

పుత్తూరోడు

అన్నా, మా ఊళ్ళో భీముడే తింటా ఆడతాడు, జనం తింటా చూస్తారు, ఎవురూ ఏమనుకోరు. మేలట్టూరులో మీరు చెప్పినట్టు ఉండొచ్చు. ఇంటి తిండి గలగలలాడితే తప్పేంది, పిల్లోళ్ళని అన్ని చోట్లా కట్టేస్తే మళ్ళీ ఏసీ హాలే అయిపోతుంది.

తెరవెనుక

తమ్ముడూ, కట్టేయమనలేదు. వెనక కూర్చుని ఎంతైనా తినండి. ముందు వరసలో కూర్చుంటే పాడేవాడి గొంతుకి మర్యాద ఇద్దాం అంటున్నాను. ఇది పిల్లలకి నేర్పదగ్గ విషయమే.

అంబత్తూరు అమ్మ

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీదు. పుత్తూరు తమ్ముడు చెప్పిన ఊరికి బకాసుర వధకి వెళ్ళొచ్చాం. వాళ్ళమ్మగారు ఇంట్లో దిగమన్నారు, మజ్జిగ ఇచ్చారు, పాపని ఒళ్ళోంచి దించలేదు.

బండి రాకముందే వేషం కట్టే చోటికి తీసుకెళ్ళాను, తెరవెనుక గారి మాట పట్టుకుని. భీముడికి నడుం చుట్టూ పాత చీరలు చుట్టి బొజ్జ కడుతున్నారు. ఇద్దరు లాగి బిగిస్తుంటే మావాడు వెళ్ళి మూడో కొస పట్టుకున్నాడు. ఎవరూ వద్దనలేదు. ఆయన వాడివైపు చూసి, గట్టిగా లాగు నాయనా, ఊడిపోతే బకాసురుడి ముందు నా పరువు పోతుంది అన్నారు. ఇక వాడు బండి వెంట ఊరంతా తిరిగాడు, ఆ బొజ్జ తనే కట్టానని దారిలో కనపడిన ప్రతి ఒక్కరికీ చెప్పాడు. పాపకి వడ దొరికింది. జనం బండిని చుట్టుముట్టినప్పుడు మాత్రం బెదిరిపోయింది, ఎత్తుకుని అరుగెక్కి నిలబడ్డాను, అక్కణ్ణుంచి చూసింది. కొళత్తూరు గారూ, మీరు చెప్పింది ఆ నిమిషంలో గుర్తొచ్చింది, ఆ వయసుకి అరుగే సరైన చోటు.

రాత్రి నాటకం పదిన్నరకి మొదలైంది. గోడ వారగా చాప, చెవులకి మఫ్‌లు. పాప పదకొండుకే నిద్ర. బాబు చాలాసేపు చూశాడు, కుంతి తన కొడుకుని పంపుతానని మాటిచ్చే చోట నా చెయ్యి పట్టుకుని, వాళ్ళమ్మ ఎందుకు పంపుతోంది అని అడిగాడు. దానికి నేను ఏదో చెప్పాను గానీ వాడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు, ఇవాళ పొద్దున కూడా అడిగాడు.

నెల్లూరి అక్కా, దద్దోజనం సరిగ్గా మీరన్నట్టే తోడుకుంది. పక్క చాపవాళ్ళు అడిగి మరీ తిన్నారు, వాళ్ళ ఉడకబెట్టిన చిలగడదుంపలు మాకిచ్చారు. జంతికలు బాబు డబ్బాలో ఒక్కటి మిగల్లేదు.

తాతయ్యగారూ, మేలట్టూరుకి వచ్చే ఏడాది తప్పకుండా. పాపకి అప్పటికి నాలుగు దాటుతాయి.

నెల్లూరి వంటిల్లు

చాలా సంతోషం తల్లీ. చిలగడదుంపల సంగతి నాకు తట్టలేదు, పిల్లలకి మెత్తగా ఉంటుంది, తొక్కతో ఉంచితే రాత్రి దాకా ఏమీ కాదు. మేలట్టూరు రైలు ప్రయాణానికి అటుకులు దంచి బెల్లం, నెయ్యి, ఏలకులతో ఉండలు చేసుకోండి, కొబ్బరి లేకుండా.

కొళత్తూరు కోడలు

చదువుతుంటే మనసు కొంచెం మెత్తబడింది, నిజం. అంబత్తూరు గారూ, ఒకటి అడగాలి, ఎవరూ చెప్పలేదు. పిల్లలకి బాత్రూం సంగతి ఎలా చేశారు? నాకు అన్నిటికంటే పెద్ద టెన్షన్ అదే.

అంబత్తూరు అమ్మ

మేం తమ్ముడి వాళ్ళింట్లోనే ఉన్నాం కాబట్టి ఇబ్బంది పడలేదు, గుడికి రెండు వీధులే. పాపకి రాత్రికి డైపర్ వేసేశాను.

పుత్తూరోడు

కోడలమ్మా, తెలిసినోళ్ళు లేని ఊరైతే గుడికాడ కమిటీ వాళ్ళని అడగండి. పిల్లోళ్ళున్నారంటే దగ్గరింట్లో చెప్పి పెడతారు, నాటకం రాత్రుళ్ళు గుడి వీధిలో ఎవురూ తలుపులు మూసుకోరు. టార్చ్ లైటు మాత్రం మీదే తెచ్చుకోండి, వీధి లైట్లన్నీ నాటకం పక్కకే తిప్పేసి ఉంటారు.